పంపకంలో చరిత్ర
(ఒడుగత్తూరులో ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగిసిన వెంటనే కంప్యూటరు సంగతులు మాట్లాడమని నన్ను నిలబెట్టారు. పంచాంగం రాబోయే ఏటి మాట చెబుతుంది. నేను గడిచిన ఏళ్ల మాట చెబుతాను. వాటిని ఎలా దాచుకోవాలి, అందులో కొంత భాగమే ఇతరులకు ఇవ్వవలసివస్తే ఎలా ఇవ్వాలి అన్నదే నా విషయం.

మన ప్రాంతానికి పంపకాలు కొత్త కాదు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. అంతవరకు ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం. చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు అటు వెళ్లాయి, వేలూరు, గుడియాత్తం ఇటు నిలిచాయి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. 1989లో ఉత్తర ఆర్కాటు రెండయింది, 2019లో వేలూరు జిల్లా మూడయింది. ఇలా ఊళ్లు చేతులు మారినప్పుడల్లా ఒకే ప్రశ్న వస్తుంది. నేల సరే, దాని పాత కాగితం ఎవరివద్ద ఉంటుంది?

కంప్యూటరు ప్రోగ్రాములకూ ఇదే చిక్కు ఉన్నది. పదిమంది కలిసి ఒక ప్రోగ్రాము వ్రాసేటప్పుడు గిట్ అనే సాధనంలో ప్రతి మార్పునూ నమోదు చేస్తారు. ఏమి మార్చారు, ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు అన్నవన్నీ అందులో ఉంటాయి. ఇది మన కోమటి అంగళ్లలోని చిట్టా వంటిది. నిన్నటి పద్దు కొట్టివేయరు, ఈనాటి పద్దు దాని క్రింద వ్రాస్తారు. ఇలా కూడిన పద్దులన్నిటినీ కలిపి రిపాజిటరీ అంటారు.

మన సంఘం యువకులు కొన్నేళ్లుగా ఒక రిపాజిటరీ నడుపుతున్నారు. అందులో పిల్లల తెలుగు పాఠాలు ఉన్నాయి, చందాదారుల పట్టికా ఉన్నది. గుడియాత్తం మిత్రులు పాఠాలు తమకూ కావాలన్నారు. ఇవ్వవలసిందే. కాని చందాదారుల చిరునామాలు, ఫోను నెంబర్లు వారికి పోరాదు. అట్లని ఈనాటి పాఠాల నకలు ఒకటి తీసి ఇస్తే చాలునా? మొదటి నలభై పాఠాలు వ్రాసిన మాష్టారు ఇప్పుడు మన మధ్య లేరు. ఫలానా పాఠంలో “ఱ” ఎందుకు ఉంచారో ఆయన తమ నమోదులోనే వ్రాసిపెట్టారు. ఒట్టి నకలు ఇస్తే ఆయన పేరూ పోతుంది, ఆయన చెప్పిన కారణమూ పోతుంది.

అందుచేత చేయవలసింది మధ్యేమార్గం. పాఠాలకు సంబంధించిన చరిత్రను మాత్రం, ఆ తేదీలతో, ఆ పేర్లతో వేరు చేయాలి. అన్నదమ్ములు విడిపోయేటప్పుడు ఉమ్మడి చిట్టాలోంచి ఒక భాగస్థుని పద్దులు మాత్రం ఎత్తి వ్రాసినట్లు. ఇందుకు గిట్ ఫిల్టర్-రెపో అనే పనిముట్టు ఉన్నది. ఫలానా సంచి మాత్రం ఉంచు అంటే, తక్కిన సంచులకే చెందిన నమోదులను అది విడిచిపెడుతుంది.

ఇందులో నాలుగు జాగ్రత్తలు మనవి చేస్తాను.

మొదటిది, అసలు రిపాజిటరీ మీద చేయి పెట్టవద్దు. కొత్తగా నకలు తీసుకుని దానిపైనే పని చేయండి.

రెండవది, పాత పేర్లు మరువవద్దు. ఈ సంచికి మొదట “బాలశిక్ష” అని పేరు ఉండేది, తరువాత “పాఠాలు” అయింది. పనిముట్టు దానంతట అది పాత పేరును వెదకదు. రెండు పేర్లూ చెప్పకపోతే మాష్టారి నలభై పాఠాల చరిత్రే జారిపోతుంది.

మూడవది, ఒకే నమోదులో పాఠమూ, పట్టికా రెండూ మారి ఉండవచ్చు. అప్పుడు పట్టిక మార్పు తొలగిపోతుంది గాని, దాని వివరణ వాక్యం పూర్తిగా అలాగే మిగులుతుంది. అందులో ఎవరి ఫోను నెంబరైనా ఉన్నదేమో కంటితో చదివి చూడాలి. వ్రాసినవారి ఈమెయిలు కూడా ప్రతి నమోదుతో వెళుతుందని గుర్తుంచుకోవాలి.

నాలుగవది, ఒక్కొక్క నమోదుకు నలభై అక్షరాల గుర్తు ఉంటుంది. అది అందులోని విషయాన్నీ, దాని ముందటి నమోదునూ బట్టి పుడుతుంది. కనుక వేరు చేసిన చరిత్రలో గుర్తులు మారిపోతాయి. ఏ పాత గుర్తు ఏ కొత్త గుర్తు అయిందో ఆ పనిముట్టు ఒక జాబితా వ్రాసి ఇస్తుంది. దానిని దాచుకోండి.

నేను పనిచేసిన ఒక కచేరీలో రహస్యపదం ఒకటి పొరపాటున నమోదయింది. మరునాడు చెరిపి, పోయిందనుకున్నాము. ఏడాది తరువాత రిపాజిటరీని ఇతరులకు ఇచ్చినప్పుడు అదీ వారికి చేరింది. నేటి పుటలో చెరిపితే నిన్నటి పుటలో చెరిగిపోదు. చెరిపినవాడిని నేనే.

చరిత్రను విడిచిపెట్టిన పెద్దలూ ఉన్నారు. లీనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్‌ను తయారుచేసి, తన లినక్సును అందులోకి తెచ్చినప్పుడు పాత చరిత్ర అంతా తేలేదు. తెస్తే 3.2 గిగాబైట్లు అవుతుందని ఆ మొదటి నమోదులోనే వ్రాశాడు. కాని పాతది ఇంకొకచోట భద్రంగా ఉన్నది, తరువాత దానిని ఇతరులు వేరే గిట్ రిపాజిటరీగా కూర్చారు. కాబట్టి ఏమి విడిచిందీ, ఎందుకు విడిచిందీ వ్రాసిపెట్టి, అసలు ప్రతిని దాచి ఉంచితే, కొంత విడవడంలో దోషం లేదు.

మనం తరతరాలుగా ఇక్కడే ఉన్నా, మన ఇళ్లలో తెలుగు ఏ కాగితం మీదా నమోదు కాకుండా నోటిమాటగానే వస్తున్నది. అటువంటి చోట మాష్టారు వ్రాసిన నలభై పాఠాలు చిన్న ఆస్తి కాదు. వాటిని గుడియాత్తం పిల్లలకు ఇద్దాం. వారి పేరుతో ఇద్దాం. చందాదారుల గుట్టు మనదగ్గరే ఉంచుకుందాం. ఈ పనికి ఇద్దరు యువకులు ముందుకు రావాలని కోరుతున్నాను.