చిన్న ద్వీపం – ప్రపంచ కిరీటం

నెట్‌బాల్ ఏడుగురి ఆట. బంతి అందుకొన్న క్రీడాకారిణి దానితో పరుగెత్తరాదు. మూడు సెకన్లలో తోటివారికి అందించవలెను. ఒక్కరి ప్రజ్ఞ ఇందులో చాలదు.

1979లో కరిబియన్ సముద్రంలోని ట్రినిడాడ్-టొబాగో తన రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ప్రపంచ పోటీలను నిర్వహించింది. ఆనాటి ఆ దేశ జనాభా సుమారు పది లక్షలు మాత్రమే. చివరకు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఆతిథ్య దేశం సమాన పాయింట్లతో నిలువగా, తుదిపోటీ లేనందున మూడు జట్లనూ సంయుక్త విజేతలుగా ప్రకటించారు. 1963 నుండి 2023 వరకు ఆ రెండు దేశాలు గాక ఈ కిరీటం ధరించినది ఈ ద్వీపదేశం ఒక్కటే.

తల్లిదండ్రులారా! పదవ తరగతి వచ్చినదని ఆడపిల్లను ఆటస్థలం నుండి పిలిపించే ముందు ఆ జట్టును ఒక్కసారి తలచుకొనండి.