వేదిక భయం: పాడేవారిదీ, వినేవారిదీ
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఆటపాటల గొప్పతనం మీకు తెలిసిందే. ఈ రోజు మనం బయటకు చెప్పుకోని ఒక సంగతి మాట్లాడతాను. కంది కొత్తల పండుగకు రాత్రంతా తుడుం వాయించే తమ్ముడిని కాలేజీ వార్షికోత్సవంలో వాయించమంటే "నాకు రాదు" అంటాడు. అతనికి వచ్చు. కానీ భయం.

ఊళ్లో ఆ భయం ఎందుకు లేదు? అక్కడ చూసేవారు, ఆడేవారు అని రెండు జట్లు ఉండవు. ఒకరి అడుగు తప్పితే పక్కవారు సర్దుతారు. అలిసినవారు కూర్చుంటారు, కూర్చున్నవారు లేస్తారు. స్టేజీ మీద అలా కాదు. ఎదురుగా జనం, మైకు, మార్కులు వేసే జడ్జీలు, అయిదు నిమిషాల గడువు, ఎత్తిపట్టిన సెల్‌ఫోన్లు. వీటికి తోడు, సవర భాషలో పాడితే నవ్వుతారేమోనన్న శంక ఒకటి.

ఉద్దానం జీడితోటలో ఎలుగుబంటి ఎదురైతే శరీరం ఏం చేస్తుందో, మైకు ముందు కూడా అదే చేస్తుంది. అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, నోరు ఎండిపోతుంది, చేతులు చల్లబడి వణుకుతాయి. పారిపోవడానికి ఈ కంగారు పనికొస్తుంది, వాయించడానికి కాదు. డప్పు వేగం పెరుగుతుంది, అడుగులు అందవు. ఊపిరి చాలక పాట మధ్యలో తెగుతుంది. తాళం తెలియని ప్రేక్షకుడికి కూడా ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది. అతను పక్కకు తిరిగి కబుర్లు మొదలుపెడతాడు. అది చూసి పాడేవారి భయం రెట్టింపవుతుంది.

ఇది మనకు మాత్రమే ఉన్న బలహీనత అనుకోకండి. ప్రపంచ ప్రఖ్యాత సెల్లో వాద్యకారుడు పాబ్లో కసాల్స్‌కు జీవితమంతా ఈ భయం ఉండేది. వియన్నాలో తొలి కచేరీలో చేయి బిగుసుకుపోయి, వాయించే కమాను జారి జనంలో పడింది. ఎవరూ నవ్వలేదు. నిశ్శబ్దంగా చేతి నుంచి చేతికి అందించి తిరిగి ఆయనకు చేర్చారు. ఆ కాసేపట్లో తన భయం పోయిందని ఆయనే చెప్పుకున్నారు. ఆ రోజు కచేరీని నిలబెట్టడంలో ప్రేక్షకులకూ వాటా ఉంది.

మరి మనం ఏం చేయాలి? ముందు పదిమంది ఎదుట, తర్వాత యాభైమంది ఎదుట వాయించి అలవాటు చేసుకోండి. మైకుతోనే సాధన చేయండి. ఎక్కేముందు ఊపిరి మెల్లగా తీసుకుని, అంతకన్నా మెల్లగా వదలండి. మొదటి రెండు వరుసలు నిద్రలో లేపి అడిగినా వచ్చేలా నేర్చుకోండి. "భయపడకు" అని మనసును గదమాయిస్తే అది వినదు. "ఉత్సాహంగా ఉంది" అని పైకి అనుకుని పాడినవారు మెరుగ్గా పాడారని అమెరికాలో 2014లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. కల్లు తాగి ఎక్కితే భయం తగ్గినట్టు ఉంటుంది గానీ తాళం పోతుంది. వణుకు తగ్గించే మాత్రలు ఎవరో ఇచ్చారని వేసుకోకండి. ఉబ్బసం ఉన్నవారికి అవి ప్రమాదం, డాక్టరును అడగాలి.

చూసేవారికి కూడా ఒక మాట. తప్పు దొర్లితే నవ్వకండి. ఆ ముక్క వీడియో తీసి గ్రూపుల్లో పెట్టకండి. తాళం తెలిసినవారు ముందు వరుసలో కూర్చుని చప్పట్లతో అందుకోండి. అప్పుడు స్టేజీ కూడా కాస్త మన ఊరిలా మారుతుంది.

భయంతో ఒక్కొక్కరూ తప్పుకుంటూ పోతే, పెద్దవాళ్ల తర్వాత తుడుం పట్టే చేయి ఉండదు. అందుకే ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవ వేదిక మీదకు ప్రతి బృందం ఇంతవరకు స్టేజీ ఎక్కని ఒక తమ్ముడినో చెల్లినో వెంట తీసుకురావాలని కోరుతున్నాను. మధ్యలో నిలబెట్టండి, ఇరుపక్కలా మీరు ఉండండి.