యుద్ధ విమానంలో నేత పని

(సూరత్‌లో జరిగిన మన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు యుద్ధ విమానాల గురించి మాట్లాడమన్నారు. నేను ఎం.బి.ఏ. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, విమానం నడిపినవాణ్ణి కాదు. అయితే సూరత్‌లో ఉంటున్నాం కాబట్టి ఈ విషయాన్ని మనకు బాగా తెలిసిన వస్తువుతో మొదలుపెడతాను. ఆ వస్తువు గుడ్డ.

కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి వచ్చిన మన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా ఇక్కడి మరమగ్గాల మీద పని చేస్తున్నాయి. వాళ్ల పిల్లల కోసం ఈ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడుపుతోంది. రుణాల తనిఖీకి మగ్గాల షెడ్డులోకి వెళ్లిన మన అధికారులందరికీ పడుగు, పేక అంటే ఏమిటో తెలుసు. అదే పడుగు, పేకల లెక్క యుద్ధ విమానంలోనూ ఉంది.

మన దేశం తయారుచేసుకున్న తేజస్ విమానాన్నే తీసుకోండి. అది మొదటిసారి ఎగిరింది 2001 జనవరి 4న, బెంగళూరులో. నడిపినవారు వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్. ఆ విమానం చట్రం బరువులో దాదాపు 45 శాతం లోహం కాదు, కార్బన్ ఫైబర్ వంటి మిశ్రమ పదార్థాలు. స్వెటర్లు అల్లే అక్రిలిక్ నూలుకు దగ్గర చుట్టమైన పోగును గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో మాగబెడితే కార్బన్ పోగు వస్తుంది. మందం వెంట్రుకలో పదో వంతు. వేల పోగులను కలిపి కొన్నిచోట్ల పట్టీలుగా, కొన్నిచోట్ల నేసిన గుడ్డగా వాడతారు. ఒక పొర నిలువుగా, ఒకటి అడ్డంగా, ఇంకొకటి ఏటవాలుగా పరిచి, జిగురుతో అతికించి, పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి కొలిమిలో ఉడికిస్తారు. బలం ఏ దిక్కున ఎక్కువ కావాలో ఆ దిక్కున ఎక్కువ పొరలు వేస్తారు. అలా తయారైన రెక్క అల్యూమినియం కంటే తేలిక. తుప్పు పట్టదు.

ఇక లోపల కూర్చునే మనిషి సంగతి. విమానం వేగంగా మలుపు తిరిగితే శరీరం బరువు పెరిగినట్టవుతుంది. తేజస్ 8 రెట్ల వరకు తట్టుకుంటుంది. అంటే 70 కిలోల మనిషి ఆ క్షణంలో 560 కిలోల బరువు మోస్తున్నట్టు. రక్తం తల నుంచి కాళ్లలోకి జారుతుంది. ముందు రంగులు మాయమవుతాయి, తర్వాత చూపు పోతుంది, ఆ తర్వాత స్పృహ తప్పుతుంది. మామూలు మనిషి నాలుగైదు రెట్ల దగ్గరే స్పృహ తప్పవచ్చు. అందుకే పైలట్ కాళ్లకు, పొట్టకు ఒక ప్రత్యేకమైన దుస్తు బిగిస్తారు. దాన్ని జీ సూట్ అంటారు. అందులోని సంచుల్లోకి గాలి దూరి కాళ్లను నొక్కుతుంది, రక్తం కిందికి దిగకుండా ఆపుతుంది. అయితే ఆ దుస్తు చేసే మేలు ఒకటి, ఒకటిన్నర రెట్లే. మిగిలినది పైలట్ కండరాలు బిగించి, ప్రత్యేకమైన పద్ధతిలో ఊపిరి పీల్చి తెచ్చుకోవాలి. అది సాధనతో తప్ప రాదు.

విమానం చెడిపోతే? అప్పుడు కూర్చున్న సీటే కాపాడాలి. పిడి లాగగానే పైకప్పు పగులుతుంది, సీటు కింద రాకెట్ మండుతుంది, రెండు మూడు సెకన్లలో పారాచూట్ విచ్చుకుంటుంది. పారాచూట్లు ఒకప్పుడు పట్టువి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ పట్టు ఆగిపోవడంతో నైలాన్ ఆ స్థానంలోకి వచ్చింది. మార్టిన్ బేకర్ అనే బ్రిటిష్ సంస్థ తయారుచేసిన ఇలాంటి సీట్లే ఇప్పటికి 7,500 మందికి పైగా ప్రాణాలు కాపాడాయి.

ఇక్కడ బ్యాంకు భాషలో ఒక మాట. విమానం ఎంత ఖరీదైనా ఆస్తే. పోతే పుస్తకాల్లోంచి కొట్టేయవచ్చు. మనిషిని అలా కొట్టేయలేం. అందుకే సమయానికి పిడి లాగమని పైలట్లకు పదే పదే నేర్పిస్తారు. కానీ కింద ఊరు ఉంటే ఆ లెక్క మారుతుంది.

2025 ఏప్రిల్ 2 రాత్రి మన గుజరాత్‌లోనే, జామ్‌నగర్ దగ్గర, రెండు సీట్ల జాగ్వార్ సాంకేతిక లోపంతో కూలింది. విమాన స్థావరానికి, స్థానికులకు హాని జరగకుండా చూసి పైలట్లు బయటికి దూకే ప్రయత్నం చేశారని వాయుసేన ప్రకటించింది. ఒకరు బతికారు. ఫ్లైట్ లెఫ్టినెంట్ సిద్ధార్థ్ యాదవ్ మరణించారు. ఆయన వయసు 28. సీటు, పారాచూట్, శిక్షణ అన్నీ ఉన్నా ప్రమాదం పూర్తిగా తొలగిపోదు. తల్లిదండ్రులకు ఈ నిజం దాచి ఈ ఉద్యోగం గొప్పదని చెప్పడం న్యాయం కాదు.

నిజం తెలిసే ముందుకు వచ్చినవాళ్లూ ఉన్నారు. 2016 జూన్ 18న హైదరాబాద్ పక్కనున్న దుండిగల్ వాయుసేన అకాడమీ నుంచి అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ యుద్ధ విమాన విభాగంలోకి వచ్చారు. దేశంలో ఆ విభాగంలో అడుగుపెట్టిన మొదటి మహిళలు వాళ్లే. 2018 ఫిబ్రవరి 19న అవని ఒంటరిగా మిగ్-21 బైసన్ నడిపారు. ఆమె బయల్దేరింది కూడా జామ్‌నగర్ నుంచే. 2024లో మోహనా సింగ్ తేజస్ దళంలో చేరిన తొలి మహిళ అయ్యారు. ఆ దళం ఉండేది కచ్‌లోని నలియాలో.

మన ఇళ్లలో అబ్బాయో అమ్మాయో పైలట్ అవుతానంటే వెంటనే వద్దనకండి. ముందు వివరాలు తెలుసుకోండి. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం ఉండాలి. ఇంటర్ తర్వాత ఎన్.డి.ఏ., డిగ్రీ తర్వాత ఏ.ఎఫ్.క్యాట్ దారులు ఉన్నాయి. 2022 నుంచి ఎన్.డి.ఏ.లో అమ్మాయిలనూ తీసుకుంటున్నారు. ఎంపిక బోర్డుల్లో ఒకటి మన గాంధీనగర్‌లోనే ఉంది. పైలట్ యోగ్యత పరీక్ష మాత్రం ఒక్కసారే. అందులో తప్పితే మళ్లీ అవకాశం ఉండదు కాబట్టి సిద్ధపడి వెళ్లాలి. శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే. అంటే మన విద్యారుణ విభాగానికి ఒక ఖాతా తగ్గుతుంది!

పిల్లలకు ఒక మాట. కన్ను, పన్ను, వెన్ను జాగ్రత్తగా చూసుకోండి. లెక్కలు శ్రద్ధగా చేయండి. పెద్దలకు ఒక మనవి. భయం ఉంటే పిల్లలతో దాచకుండా చెప్పండి. కానీ నిర్ణయం వాళ్లతో కలిసి తీసుకోండి.