విడిపోయాక వచ్చిన పేరు

1967 వేసవిలో ‘ది జాంబీస్’ అనే ఇంగ్లండ్ బృందం లండన్‌లోని అబ్బీ రోడ్ స్టూడియోలో ‘ఒడెస్సీ అండ్ ఒరాకిల్’ ఆల్బమ్ రికార్డింగ్ మొదలుపెట్టింది. అక్కడే బీటిల్స్ ‘సార్జంట్ పెప్పర్స్’ ఆల్బమ్ ముగించి కొన్నాళ్లే అయింది. జాంబీస్ చేతిలో ఉన్నది వెయ్యి పౌండ్లు. వాద్యబృందాన్ని పిలిచే స్తోమత లేదు. అందుకే మెలోట్రాన్ వాడారు. చూడ్డానికి హార్మోనియంలా మెట్లుంటాయి. ఒక్కో మెట్టు నొక్కితే లోపల ఒక్కో టేపు తిరిగి వయొలిన్లో, వేణువులో పలుకుతాయి.

మొదటి పాట వినండి. హుషారైన బాణీ. విషయం మాత్రం జైలు నుంచి విడుదల కాబోతున్న ప్రియురాలికి రాసిన ఉత్తరం! ఇలాంటి సైకెడెలిక్ సంగీతం, అంటే భ్రమలు రేపే ఆ కాలపు రాక్, అనగానే గోల అనుకునేవారికి బృందం గాయకుడు కోలిన్ బ్లన్‌స్టోన్ మెత్తని గొంతే జవాబు.

1968లో రికార్డు వచ్చేసరికే బృందం విడిపోయింది. బ్లన్‌స్టోన్ ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగానికి చేరాడు. 1969లో ఇదే ఆల్బమ్‌లోని ‘టైమ్ ఆఫ్ ద సీజన్’ పాట అమెరికా పాటల పట్టికలో మూడో స్థానానికి ఎక్కింది. అప్పుడు కూడా వాళ్లు మళ్లీ కలవలేదు.

నా లెక్కలో ఈ ఆల్బమ్ ‘సార్జంట్ పెప్పర్స్’కు ఏమాత్రం తీసిపోదు. ఉన్నది ముప్పై అయిదు నిమిషాలే. పాటల వరుస మార్చకుండా ఒకసారి వినండి.