నేల ఉత్తరాన, నీరు దక్షిణాన



అల్లాహ్‌ను స్తుతించి, ఆయన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం)పై దరూద్ పంపిన అనంతరం, ఈ జుమా నాడు మనం నివసించే భూగోళాన్ని ఒకసారి పరికిద్దాం.

భూమి ఉపరితలంలో సుమారు 71 శాతం నీరే. మిగిలిన కొద్దిపాటి నేల అయినా రెండు అర్ధగోళాలకు సమానంగా దక్కలేదు. ఉత్తరార్ధగోళంలో దాదాపు 39 శాతం నేల ఉండగా, దక్షిణార్ధగోళంలో అది 19 శాతమే. 60 డిగ్రీల దక్షిణ అక్షాంశం వెంబడి ఓడలో భూమిని చుట్టివచ్చినా ఎక్కడా నేల అడ్డురాదు. ఉత్తరాన అదే అక్షాంశంపై నార్వే, స్వీడన్, రష్యా, అలాస్కా, కెనడా వరుసగా ఎదురవుతాయి. మానవులలో అత్యధికులు ఈ ఉత్తరార్ధంలోనే ఉన్నారు. మనమూ ఇక్కడివారమే.

నేల మనకు, నీరు వారికి అని మాత్రం తొందరపడరాదు. వేసవిలో ఆసియా నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. దానిపై గాలి తేలికై పైకి లేస్తుంది. అదే కాలంలో మడగాస్కర్‌కు తూర్పున, మస్కరీన్ దీవుల సమీపాన, గాలి బరువెక్కి ఉంటుంది. అక్కడ బయలుదేరిన గాలులు తూర్పు ఆఫ్రికా తీరం వద్ద భూమధ్యరేఖను దాటి, భూభ్రమణం వలన కుడివైపునకు మళ్లి, అరేబియా సముద్రం మీదుగా నైరుతి ఋతుపవనాలై మనను చేరుతాయి. దారి పొడవునా సముద్రపు తేమను గ్రహిస్తాయి. ఉప్పును మాత్రం అక్కడే వదిలివస్తాయి. జూన్‌లో తెలుగు నేలపై పడే తొలకరి వెనుక ఇంతటి ప్రయాణం ఉన్నది.

మన పట్టా నేలకే గాని, మేఘానికి లేదు. అయినా వేసవి రాగానే బోరుకు తాళం వేసి, పక్కింటివారిని ట్యాంకరు కోసం బిందెలతో నిలబెట్టేవారు మనలో లేరా? తన అవసరానికి మించిన నీటిని ఇతరులకు నిరాకరించడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. ఆయన వుజూకు వాడినది ఒక ముద్ నీరు, అంటే లీటరు కన్నా తక్కువ. మనం కొళాయి తిప్పి, మాటల్లో పడి, బకెట్ నిండేంత వదిలేస్తున్నాం.

కనుక వుజూఖానాలో కారుతున్న కొళాయిలను వచ్చే జుమాలోపు బాగు చేయించవలసిందిగా మస్జిదు కమిటీలను కోరుతున్నాం. బోరులో నీరు మిగిలే చోట ప్రహరీకి వీధివైపున ఒక కొళాయి పెట్టించండి. పట్టుకొనేవారిది ఏ మతమని విచారించనవసరం లేదు.