బిగిసిపోయిన రాస్ రైఫిలు

1915 ఏప్రిలు మాసమున బెల్జియములోని ఈప్ర్ పట్టణము చెంత పోరాడిన కెనడా సైనికుల చేత నుండినది రాస్ రైఫిలు. దాని బోల్టును మెలిత్రిప్ప నక్కరలేదు. తిన్నగా వెనుకకు లాగి ముందునకు త్రోసిన చాలును. గురికి పెట్టినది పేరు. కాని, వడివడిగా కాల్చి గొట్టము వేడెక్కినంతనే బోల్టు బిగిసికొనిపోయెడిది. పాపము, బూటుకాలితో తన్ని తెరచినవారు కలరు. పలువురు దానిని పారవైచి, నేలకొరిగిన బ్రిటిషు సైనికుల లీ-ఎన్‌ఫీల్డులను చేపట్టిరి.

తప్పు బురదదని కొందరు, తూటాలదని కొందరు అనిరి. రెండును కొంత నిజమే. తూటా అమరు గది ఇరుకు. బ్రిటిషు తూటాల కొలతలు ఒక్క తీరున నుండలేదు. ఇంకొక దోషము పైకి కనబడనిది. బోల్టు ఊడి రాకుండ నాపు చిన్న ఉక్కుముక్కకు, లాగినప్పుడెల్ల బోల్టు మొననున్న మరపన్ను కొట్టుకొని నలిగెడిది. నలిగిన పన్ను గాడిలో నిముడునా? గదిని తొలిచి వెడల్పు చేసిరి. ఉక్కుముక్కను పెద్దది చేసిరి.

అన్నిటికన్న భయంకరమైనది వేరొకటి. శుభ్రపరచుటకై విప్పిన బోల్టును తప్పుగా కూర్చినను అది తుపాకిలో నమరెడిది. అప్పుడు పేల్చినచో బోల్టు వెనుకకు దూసికొనివచ్చి కాల్చువాని ముఖమునకే తగులవచ్చును. దీనికి విరుగుడుగా తరువాత కొన్నిటికి ఒక చిన్న రివెట్టు బిగించిరి. తప్పుగా కూర్చుట కిక వీలు లేదు.

మంత్రి శామ్ హ్యూస్ ఎంత వెనుకవేసికొని వచ్చినను, 1916లో కెనడా పదాతి దళములు లీ-ఎన్‌ఫీల్డునకు మారినవి. పొంచియుండి తీరికగా గురిచూచి కాల్చువారు మాత్రము పలువురు రాస్‌ను విడువలేదు.