పెద్దల మందులు – పెద్దల డబ్బు



రోగి బంధువులైన మీతో ఈ రోజు మందులు కొనే డబ్బు గురించి మాట్లాడదలిచాను.

2020లో కరోనా వచ్చినప్పుడు, ఈ రోగానికి కులం, మతం లేవని అందరం చెప్పుకున్నాం. అది నిజమే. కాని రోగాన్ని తట్టుకునే డబ్బు మాత్రం అన్ని పేటల్లో ఒకేలా లేదు.

మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. రిటైరైన ఉద్యోగికి కొంత భాగం వాయిదా పడినా పెన్షన్ వచ్చింది. పొలం ఉన్న పెద్దలకు కౌలు ఆధారం ఉంది. మన డెల్టాలో పొలం ఎక్కువగా కొన్ని కులాల చేతిలోనే ఉంది. దళితపేటల్లో చాలా ఇళ్ళకు కూలే ఆధారం. కాకినాడ, అంతర్వేది తీరంలో ఏటా ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవుతుంది. ఆ ఏడాది మూడు వారాల ముందే పడవలు ఆగాయి. కోనసీమ నుంచి కువైట్, మస్కట్ వెళ్ళి ఇళ్ళలో పనిచేసే ఆడపడుచుల్లో చాలామందికి జీతాలు ఆగాయి. వారి పిల్లలను పెంచుతున్న అమ్మమ్మల చేతికి డబ్బు రాలేదు. అమెరికాలో కూడా తెల్లవారికంటే నల్లజాతి వృద్ధులే ఎక్కువ ఇబ్బంది పడ్డారు.

అప్పట్లో మన వృద్ధులకు అందిన ప్రభుత్వ పెన్షన్ నెలకు 2,250 రూపాయలు. కూలి లేని ఇంట్లో అది బియ్యానికి, వడ్డీకి, మనుమల పాలకు పోతుంది. అప్పుడు పెద్దవారు ముందుగా మానేసేది తమ మాత్రలే. అడిగితే "నాకు బాగానే ఉందిలే" అంటారు. బి.పి. మాత్ర మానితే నొప్పి తెలియదు. పక్షవాతం వచ్చాకే తెలుస్తుంది.

కాబట్టి మీరు ఇవి చేయండి:

1. వారానికొకసారి అమ్మ, నాన్న, అత్త, మామల మాత్రలు లెక్కపెట్టండి. మిగిలిపోతుంటే కోప్పడకుండా కారణం అడగండి.

2. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బి.పి., షుగరు మాత్రలు ఉచితంగా ఇస్తారు. అక్కడ పేరు రాయించండి.

3. 2024 జూలై నుంచి వృద్ధాప్య పెన్షన్ 4,000 రూపాయలు. అందులో మందుల డబ్బు ముందుగా పక్కన పెట్టండి. పెన్షన్‌కు వయసు 60 ఏళ్ళు. మత్స్యకారులకు, చేనేత, కల్లుగీత పనివారికి 50 ఏళ్ళు చాలు. రాని వారి కోసం సచివాలయంలో అడగండి.

4. 70 ఏళ్ళు దాటిన వారందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు పథకాన్ని కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. ఆధార్‌తో నమోదు చేయించండి.

5. దిక్కులేని పెద్దవారు కనబడితే వృద్ధుల సహాయవాణి 14567కు ఫోన్ చేయండి.

మళ్ళీ అలాంటి కష్టం వస్తే మన పెద్దలు మాత్ర మింగాలా, మనుమడికి పాలు కొనాలా అని ఆలోచించే స్థితి రాకూడదు. ఈ పనులు ఈ వారమే మొదలుపెట్టండి. దేవుడు మిమ్మును, మీ ఇంటి పెద్దలను దీవించును గాక.